గురికి కావలసిన రివాల్వరు

కాగితం మీది వలయాలను కొట్టడానికి ఎంతటి రివాల్వరు కావాలి? నా సమాధానం చిన్నది: .22. తొలిసారి కొనేవారికైతే మరో సమాధానం లేదని కూడా అంటాను.

అమెరికాలో స్థిరపడిన మనవారిలో షూటింగ్ రేంజికి వెళ్ళేవారు కొందరున్నారు. వారి మధ్య రివాల్వరు ప్రసక్తి వస్తే చర్చ .357 మాగ్నమ్ దగ్గర మొదలై .44 మాగ్నమ్ దాకా పోతుంది. 1971లో వచ్చిన 'డర్టీ హ్యారీ' చిత్రంలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలోని స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 29 వేసిన మంత్రం ఇంకా దిగలేదు. .22 పేరెత్తితే "అది పిల్లల ఆట కదండీ" అని నవ్వుతారు. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలు జరిగేది ఆ తూటాతోనే. 2024లో పారిస్‌లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ నిలిచినదీ అటువంటి పోటీలోనే. అక్కడ వాడేది రివాల్వరు కాదు, నిజమే. కానీ తూటా అదే. ఆ పోటీ తొలి అంకంలో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. పిల్లల ఆట అనుకునేవారు పాతిక మీటర్ల దూరాన నిలబడి ఒకసారి కొట్టి చూడవచ్చు.

అసలు చిక్కు శక్తిలో లేదు, జంకులో ఉంది. పెద్ద తూటా పేలినప్పుడు తుపాకి తంతుంది, చెవులు అదురుతాయి. దేహం ఆ దెబ్బను జ్ఞాపకం పెట్టుకుంటుంది. మరుసటిసారి ట్రిగ్గరు కదలకముందే కళ్ళు మూతబడతాయి, మణికట్టు కిందికి వంగుతుంది, గుండు వలయాల దిగువన ఎక్కడో పడుతుంది. మనిషి తుపాకిని నిందిస్తాడు. సైటు మర నాలుగు చుట్లు తిప్పుతాడు. ఒకసారి పట్టుకున్న ఈ జంకు వదలడానికి నెలలు పడుతుంది.

ఈ రోగానికి మందు కూడా రివాల్వరులోనే ఉన్నది. అందుకే నాకు పిస్తోలు కన్నా అదంటే మక్కువ. సిలిండరులోని గదులలో కొన్నింట తూటాలు, మిగిలినవాటిలో కాల్చిన ఖాళీ తొడుగులు పెట్టి, ఏది ఎక్కడున్నదో మీకు తెలియకుండా మూసి ఇమ్మని పక్కనున్న మిత్రుని అడగండి. ఖాళీ తొడుగు మీద హ్యామరు పడినప్పుడు గొట్టం నిశ్చలంగా ఉన్నదా, తల వంచినదా? ఏ గురువూ ఇంత నిర్మొహమాటంగా చెప్పడు.

ఇక ఎంపిక. స్మిత్ అండ్ వెస్సన్ 617ను ఉదాహరణగా తీసుకుందాం: పది గదులు, ఆరంగుళాల గొట్టం, కిలోకు మించిన బరువు. గొట్టం పొడవైతే ముందు సైటుకూ వెనుక సైటుకూ దూరం పెరిగి, చేతి తడబాటు కంటికి తెలుస్తుంది. బరువు ఆ తడబాటునే తగ్గిస్తుంది. వెనుక సైటును జరుపుకునే వీలు తప్పనిసరి. కాన్పూరులో తయారై 2014లో విడుదలైన నిర్భీక్ సుమారు అరకిలో మాత్రమే. ఆ తేలికదనం చేతిసంచికి హితమే గాని గురికి కాదు. రూగర్ సింగిల్ సిక్స్ అందగత్తె, కానీ ఒక్కొక్క తూటానే నింపుకోవాలి, ఒక్కొక్క తొడుగునే తోయాలి. ఓపిక ఉన్నవారికి అదీ ఒక సుఖమే.

చేయి కుదిరిన తరువాత .357కు వెళ్ళండి, కాదనను. అందులో .38 స్పెషల్ తూటాలు వాడవచ్చు గనుక తన్ను తగ్గుతుంది. ముక్కు చదునుగా ఉండే వాడ్‌కటర్ గుండు కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కత్తిరిస్తుంది; రంధ్రం గీతను తాకిందా లేదా అన్న వాదన ఉండదు.

"ఇంటి రక్షణకూ పనికివచ్చేది కొంటే పోలేదా?" అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. నాకు అన్నిటికన్నా అంగీకారం కానిది ఇదే. భయంతో కొన్న తుపాకి తలగడ కిందికి చేరుతుంది, పిల్లలున్న ఇంట్లో తూటాలతో సహా. గురికోసం కొన్నది ఖాళీగా తాళంలో ఉంటుంది, తూటాలు వేరే తాళంలో. ఒకే వస్తువు ఈ రెండు పనులకూ ఒదగదు.

కొనే హక్కు మాట మరువరాదు. హెచ్ 1బి వంటి వలసేతర వీసాపై వచ్చినవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకిని కలిగి ఉండరాదని అమెరికా ఫెడరల్ చట్టం. రేంజిలో అద్దెకు తీసుకున్నా చేతిలో ఉన్నట్టే. పోగొట్టుకునేది గురి కాదు, వీసా.

సిలిండరుకూ గొట్టానికీ నడుమ సన్నని సందు ఉంటుంది; పేలినప్పుడు వేడి వాయువు అక్కడి నుండి పక్కకు చిమ్ముతుంది, వేళ్ళు అటు పోనివ్వకండి. గుండులోనూ దాన్ని పేల్చే మందులోనూ సీసం ఉంటుంది. రేంజి నుండి బయటపడగానే చల్లని నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కోండి. కారులో పెట్టుకున్న పులిహోర డబ్బా తెరవడం ఆ తరువాతే.