గెలిచాక ఎక్కడ ఆగాలి?

చంద్రబండ రాయచూరు తాలూకాలోని ఊరు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ ఈ నేల. ఈ అంతర్వేది కోసం విజయనగరం ఒకవైపు, బహమనీలు, తరువాత బీజాపూరు మరోవైపు దాదాపు రెండు వందల ఏళ్లు కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరులో గెలిచిన కథ మన యువతకు బాగా తెలుసు. ఫోన్లలో వీడియోలుగా కూడా తిరుగుతోంది. ఆ వీడియో ఆగిపోయే చోటు నుంచి మేము మాట్లాడదలిచాం.

ముందు ఆ యుద్ధం. రాయచూరు కోటను కాపాడటానికి ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణ దాటి వచ్చాడు. కొన్నేళ్లకే ఈ కథను రాసిపెట్టిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ప్రకారం, ఆదిల్ షా ఫిరంగులు రాయల ముందు వరుసను చెదరగొట్టాయి. ఇక గెలిచేశామనుకున్న బీజాపూరు సైనికులు వరుసలు విడిచి తరిమారు. సరిగ్గా అప్పుడే రాయలు మిగతా దళాలతో విరుచుకుపడ్డారు. పారిపోదామంటే వెనక నది. ఎందరో కృష్ణలోనే మునిగిపోయారు. గెలిచిన పక్షంలో కూడా పదహారు వేల మందికి పైగా చనిపోయారని న్యూనిజే రాశాడు. వీడియోల్లో ఆ లెక్క చూపించరు.

కోట పడిపోయింది. అక్కడ ఆగితే సరిపోయేది. కానీ ఆదిల్ షా వచ్చి తన పాదం ముద్దుపెట్టుకుంటేనే సంధి అన్నారు రాయలు. అతను రాలేదు. రాయల సైన్యం బీజాపూరు దాకా వెళ్లింది, వంటచెరకు కోసం ఇళ్లు పడగొట్టింది, చివరికి నీళ్లు దొరక్క వెనుదిరిగింది. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు రాయచూరు కోట కోసం కొట్లాడినవాళ్లు కారు.

తరువాత అళియ రామరాయలు. ఒక సుల్తానును మరొకరి మీదికి ఉసిగొల్పుతూ, ఆలీ ఆదిల్ షాతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి కూడా దండెత్తాడు. ప్రతిసారీ గెలిచాడు, ప్రతిసారీ శత్రువులు పెరిగారు. చివరికి ఒకరినొకరు నమ్మని సుల్తానులే ఒక్కటయ్యారు. 1565 జనవరి 23న తళ్లికోట యుద్ధంలో రామరాయల తల తెగింది, హంపీ పాడైపోయింది.

దీన్ని మతయుద్ధంగా చెప్పేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. ఆ కూటమిలో ఉన్న గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఒకప్పుడు ప్రాణభయంతో పారిపోయి వస్తే, ఏడేళ్లు ఆశ్రయమిచ్చింది విజయనగరమే. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడు అనిపించుకున్నవాడు ఆయన. అలాంటి మనిషి కూడా ఎదురు నిలిచాడంటే, మతం పేరు చెప్పి తప్పించుకోలేం. నెపోలియన్ 1812లో మాస్కో చేరాడు, దాన్ని గెలుపనే అనుకున్నాడు. అక్కడ కూడా ఎవరి మతమూ కారణం కాదు.

బైబిలు చదివే మనకు అమజ్యా గుర్తుండాలి. ఎదోమీయుల మీద గెలిచి, ఆ ఊపులో ఇశ్రాయేలు రాజును యుద్ధానికి పిలిచాడు. ఇంట్లో కూర్చోమని అవతలి రాజే చెప్పాడు, వినలేదు. యెరూషలేము ప్రాకారం నాలుగు వందల మూరలు కూలింది.

తళ్లికోట తరువాత ఈ అంతర్వేది మళ్లీ బీజాపూరు చేతికి వెళ్లింది. 1520లో చచ్చిపోయిన ఆ పదహారు వేల మంది గెలిచిన కోట శాశ్వతంగా చేతిలో నిలవలేదు. వాళ్లలో దళపతుల పేర్లు కొన్ని దొరుకుతాయి. మేత మోసినవాళ్లవి, గుర్రాలు తోలినవాళ్లవి, కాలిబంట్లవి ఎవరూ రాయలేదు.