నాలుగు గోడల మధ్య హెలికాప్టరు

దూరనియంత్రిత హెలికాప్టరు బొమ్మను ఇంటిలోపల ఎగరేయవచ్చునా, కూడదా? చూడటానికి చిన్న ప్రశ్నే. కానీ వేసవి సెలవులు వచ్చాయంటే మా రాజంపేటలో, బహుశా మీ ఊళ్ళలోనూ, ఇంటింటా వినబడే తగవు ఇది. పిల్లవాడు హాల్లో ఎగరేస్తానంటాడు. తల్లి "ఇంట్లో వద్దు నాయనా, మిద్దె మీదికి పో" అంటుంది. ఆ మాట దగ్గరే నాకు పేచీ. అరచేతిలో ఇమిడే చిన్న హెలికాప్టరుకు ఇల్లే తగిన చోటు, మిద్దె కాదు. పెద్ద హెలికాప్టరుకు మాత్రం ఇల్లు ఎంతమాత్రమూ చోటు కాదు. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడ గీయాలో తెలియక భయపడనక్కరలేని చోట భయపడుతున్నాం, భయపడవలసిన చోట ధీమాగా ఉంటున్నాం. ఈ టపాలో నేను నిరూపించదలచినది ఇంతే.

హెలికాప్టరు అన్న మాటను మా కడప సీమలో తేలికగా పలకలేము. 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో కూలిన హెలికాప్టరులో ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారితోపాటు మరి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు రేడియోలకూ టీవీలకూ అతుక్కుని కూర్చున్న ఊళ్ళు ఇవి. అసలు హెలికాప్టరంటే అంత గుబులున్న మనమే, దాని బొమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఆఁ, ప్లాస్టిక్కే కదా" అని ఊరుకుంటాం. ప్లాస్టిక్కా ఇనుమా అన్నది కాదు లెక్క. తిరిగే రెక్క పొడవెంత, బరువెంత, వేగమెంత అన్నదే లెక్క.

ముందుగా చిన్నదాన్ని చూద్దాం. 2010 ప్రాంతంనుండి మన బజార్లలోకి విరివిగా వచ్చినవి జంట రెక్కల బొమ్మలు. ఒకే ఇరుసు మీద రెండు అంతస్తులుగా రెక్కలుంటాయి. పైవి ఒకవైపు తిరిగితే కిందివి ఎదురువైపు తిరుగుతాయి. ఒకదాని మెలి మరొకదానితో చెల్లుకు చెల్లు అయిపోతుంది గనుక బొమ్మ తనచుట్టూ తాను గిరగిరా తిరగదు, కొత్తవాడి చేతిలోనూ నిలకడగా ఉంటుంది. మొత్తం బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. రెక్కలు సన్నటి ప్లాస్టిక్కువి, మొదట్లో చిన్న మరతో వదులుగా బిగించి ఉంటాయి. గోడకు తగిలితే మడుచుకుంటాయి. రెక్కల వలయం అడ్డుకొలత దాదాపు 19 సెంటీమీటర్లు. నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుందనుకుంటే, రెక్క కొన సెకనుకు సుమారు 20 మీటర్లు పోతుంది. చేతికి తగిలితే చురుక్కుమంటుంది, ఎర్రటి గీత పడుతుంది, అంతే. అయితే కంటికి తగిలితే "అంతే" అనలేము. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పెద్దదాన్ని చూద్దాం. అభిరుచిగలవారు పోటీలలో ఎగరేసే పెద్ద నమూనాలలో ఒక్కొక్క రెక్క 70 సెంటీమీటర్లు ఉంటుంది. అది కార్బన్ నారతో చేసిన రెక్క. యంత్రం బరువు నాలుగైదు కిలోలు. ఇదికూడా నిమిషానికి 2000 చుట్లే తిరిగిందనుకోండి, రెక్క కొన వేగం గంటకు దాదాపు 600 కిలోమీటర్లు. చుట్లు అవే అయినా, వలయం ఎనిమిది రెట్లు పెద్దది గనుక వేగమూ ఎనిమిది రెట్లు. దెబ్బలోని బలం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుందని పదోతరగతి భౌతికశాస్త్రమే చెబుతుంది. పైగా రెక్క బరువు కూడా ఎన్నో రెట్లు. రెంటినీ "రిమోటు హెలికాప్టరు" అనే ఒకే పేరుతో పిలవడం కత్తిపీటనూ కాగితాలు కోసే బాకునూ ఒకటే అనుకోవడం వంటిది.

2013 సెప్టెంబరులో న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లోని ఒక ఉద్యానవనంలో పందొమ్మిదేళ్ళ యువకుడు తాను ఎగరేస్తున్న ఇలాంటి పెద్ద హెలికాప్టరు రెక్క తలకు తగిలి అక్కడికక్కడే మరణించాడు. అతడు కొత్తవాడు కాడు, ఆ విద్యలో ఆరితేరినవాడు. అది ఇల్లూ కాదు, ఆ క్రీడకోసమే కేటాయించిన ఆరుబయలు. నేర్పూ విశాలమైన మైదానమూ ఉన్నచోటనే అంతటి ఘోరం జరిగిందంటే, పన్నెండడుగుల గదిలో పెద్ద యంత్రాన్ని "కొంచెం పైకి లేపి చూద్దాం" అనుకునేవారిని ఏమనాలి? మరమ్మతు చేశాక సరిచూసుకోవడానికి గదిలోనే మోటారు తిప్పి చూసేవారికి కూడా నా మాట ఇదే. రెక్కలు ఊడదీయకుండా ఇంట్లో మోటారును బ్యాటరీకి కలపరాదు.

ఇంటిలోపల ప్రమాదాలకూ ఉదాహరణ ఉన్నది. 2014 డిసెంబరులో అదే బ్రూక్లిన్‌లో ఒక భోజనశాలవారు క్రిస్మసు ప్రచారంకోసం నాలుగు రెక్కల డ్రోనును జనం తలలమీదుగా ఎగరేశారు. అది వచ్చి ఒక పత్రికా ఛాయాగ్రాహకురాలి ముఖానికి తగిలి ముక్కు కొన తెగింది. మరుసటి ఏడు ఇంగ్లండులో ఏడాదిన్నర పసివాడు పెరట్లో ఎగురుతున్న డ్రోను రెక్క తగిలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అది చెట్టుకు తగిలి అదుపు తప్పింది. ఈ రెండింటిలోనూ గాయపడినవారు ఎగరేస్తున్నవారు కారు. ఎగరేసేవాడి కళ్ళు యంత్రంమీదే ఉంటాయి గనుక తప్పుకోగలడు. పక్కనున్నవాడికి ఆ అవకాశం ఉండదు. కనుక "మావాడికి బాగా వచ్చు" అన్న ధీమా గదిలో ఉన్న మిగతావారికి ఎందుకూ కొరగాదు.

ఇంత చెప్పినవాణ్ణి, చిన్నదాన్నైనా ఇంట్లో ఎందుకు ఎగరేయమంటున్నాను? మిద్దె సంగతి తెలుసు గనుక.

నలభై గ్రాముల వస్తువు మా ఊరి సాయంకాలపు గాలికి ఆగదు. ఈ జంట రెక్కల బొమ్మలు గాలికి ఎదురీదగలిగేటట్టు చేసినవి కావు. పైగా చౌకరకం బొమ్మలు చాలావరకు టీవీ రిమోటులో ఉండే పరారుణ కిరణాలతోనే పనిచేస్తాయి. ఎండలో ఆ కిరణాలు సూర్యకాంతిలో కలిసిపోయి బొమ్మకు ఆజ్ఞ అందదు. అంటే మధ్యాహ్నం మిద్దె మీద పిల్లవాడు మీట నొక్కుతూనే ఉంటాడు, బొమ్మ దాని దారిన అది పోతూనే ఉంటుంది. పిల్లవాడి చూపు ఆకాశంలో, పాదం వెనక్కు. మా పాతమిద్దెలకు చాలావాటికి పిట్టగోడలే లేవు, ఉన్నవి మోకాలెత్తు. బొమ్మ పోయి కరెంటు తీగలమీద పడిందనుకోండి, ఇంట్లో దొరికిన ఇనుపకడ్డీతో దాన్ని దింపబోయే పిల్లవాణ్ణి ఎవరాపాలి? 2024 సంక్రాంతి రోజుల్లో హైదరాబాదు పరిసరాల్లో గాలిపటాలు ఎగరేస్తూ మిద్దెలమీదినుంచి జారిపడీ, కరెంటు తగిలీ పిల్లల ప్రాణాలు పోయిన వార్తలు మనమంతా చదివాం. గాలిపటం తప్పు చేయలేదు, పిట్టగోడ లేని చోటు చేసింది. ఇంట్లో వేలికి గీత పడుతుందని భయపడి పిల్లవాణ్ణి మిద్దె మీదికి తరమడం పొయ్యిసెగకు జడిసి ఎండలో నిలబడటం కూడా కాదు, మంటలో దూకడమే.

అయితే ఇంట్లో ఎగరేయడమంటే ఇష్టం వచ్చినట్లు ఎగరేయడం కాదు. ఇంటి ప్రమాదాలు ఇంటికున్నాయి.

మొదటిది సీలింగు ఫ్యాను. కింది గాలికి బొమ్మ తూలిపోతుంది. దాని రెక్కల మధ్యకు పోయిందా, గోలీకాయలా ఎటు విసిరివేయబడుతుందో బ్రహ్మకైనా తెలియదు. కనుక ఎగరేసేసేపు ఫ్యాను ఆపవలసిందే. రోహిణికార్తెలో కడప జిల్లావాసిని ఫ్యాను ఆపమనడం ఎంతటి కఠినమైన షరతో నేనెరుగుదును. కానీ ఒకసారి చార్జి చేస్తే బొమ్మ ఎగిరేది ఏడెనిమిది నిమిషాలు. ఆమాత్రం చెమట ఓర్చుకోవచ్చును. తెల్లవారుజామున ఎగరేస్తే అదీ తప్పుతుంది.

రెండవది పైకప్పు. రెక్కలు పైనుండి గాలిని లాగి కిందికి నెడతాయి. కప్పుకు మరీ దగ్గరైతే ఆ సందులో పీడనం తగ్గి బొమ్మ కప్పును అంటుకుపోతుంది. కంగారుపడిన పిల్లవాడు మీటను ఒక్కసారిగా వదిలేస్తాడు. బొమ్మ రాయిలా ఎవరి నెత్తినో పడుతుంది. పెద్దవాడి భుజం ఎత్తు దాటకుండా ఎగరేయడం, మీటను నెమ్మదిగా తగ్గించడం తొలిపాఠాలు కావాలి.

మూడవది కన్ను. పైన దాటవేసిన సంగతి ఇదే. నేలమీదినుండి లేచే బొమ్మకూ, పాకే పసిబిడ్డ కంటికీ ఎత్తు ఒకటే. అందుచేత గదిలో పాకే బిడ్డ, నడక నేర్చే బిడ్డ ఉంటే ఎగరేయడం లేదు, దీనికి మినహాయింపు లేదు. ఎగరేసేవాడికి ఏ గాజులేని కళ్ళద్దమో పనికిరాదు, ముందుకు గట్టి పలక ఉన్న కళ్ళజోడు కావాలి. ఆడపిల్లలైతే జడ వెనక్కు ముడి వేసుకోవాలి, ఓణీ నడుముకు దోపుకోవాలి. విరబోసిన జుట్టు రెక్కల ఇరుసుకు చుట్టుకుంటే విప్పడానికి కత్తెరే దిక్కు. పూజగదిలో దీపం వెలుగుతున్నా, వంటింట్లో పొయ్యి మండుతున్నా ఆ తలుపులు మూసి ఉంచాలి.

నాలుగవది, అందరూ మరిచేది, బ్యాటరీ. నా ఉద్దేశంలో ఇంటిలోపల ఈ బొమ్మవల్ల కలిగే పెద్ద ప్రమాదం అది ఎగిరేటప్పటిది కాదు, కదలకుండా పడి ఉన్నప్పటిది. దాని కడుపులో ఉన్నది 3.7 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీ. పదేపదే కిందపడి నలిగినా, అతిగా చార్జి అయినా అది ఉబ్బుతుంది, ఒక్కొక్కప్పుడు అంటుకుంటుంది. ఎగిరి దిగిన వెంటనే వేడిమీద చార్జికి పెట్టరాదు. బొమ్మతో వచ్చిన తీగ పోతే ఏదో ఒక తీగ తగిలించరాదు. రాత్రి పెట్టి పడుకోరాదు. పరుపుమీద, సోఫామీద అసలే పెట్టరాదు. దేశమంతటికీ పంపే నాపబండలు పరుచుకున్న ఇళ్ళు మనవి. చార్జింగుకు అంతకన్న భద్రమైన చోటు లేదు, ఆ బండమీదే పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని "ఇంకొక్కసారి" అనకుండా తీసివేయాలి. రిమోటులో బొత్తాం బ్యాటరీలుంటే వాటి మూతకు మర ఉందో లేదో చూడాలి. పసివాడు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోగలదు.

ఇక అంగడి సంగతి. మనదేశంలో బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1నుండి అమలులో ఉన్నది. దాని ప్రకారం బొమ్మమీద ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో నడిచే బొమ్మలకు వేరే ప్రమాణమే ఉన్నది. సంతోషమే. కానీ ఆ ఉత్తర్వులో బొమ్మ అంటే 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన వస్తువు. ఈ హెలికాప్టరు పెట్టెలను తిప్పి చూడండి. చాలావాటిమీద "14 ఏళ్ళు దాటినవారికి" అని సన్నటి అక్షరాలతో ఉంటుంది. ఆ ఒక్క ముద్రతో వస్తువు బొమ్మ అన్న నిర్వచనంనుండి జారిపోయే వీలు కలుగుతున్నది. పెట్టెమీద నవ్వుతూ కనిపించే పిల్లవాడికి పదేళ్ళు కూడా ఉండవు. తిరునాళ్ళ అంగడిలో దాన్ని కొని చేతికిచ్చేది ఆరేళ్ళవాడికి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోను నియమాలు 250 గ్రాములలోపు వాటిని "నానో" తరగతిలో చేర్చి, పైలటు ధ్రువపత్రం అక్కరలేదన్నాయి. ఆ నియమాల చూపు ఆకాశంమీద, విమానాల దారులమీద. హాల్లో ఉయ్యాలలో పడుకున్న బిడ్డ ఆ చూపులో పడదు. ఒక చట్టం వయసు దగ్గర, మరొక చట్టం బరువు దగ్గర ఆగిపోతే, మిగిలిన ఖాళీని పూడ్చవలసినది ఇంటి పెద్దలే.

అమ్మేవారిని నేను కోరేది ఒక్కటే: ఆ సన్నటి అక్షరాలను తెలుగులో, కంటికి ఆనేంత పెద్దవిగా వేయించండి. కొనేవారిని కోరేది మరొకటి: మొదటి పది రోజులు పక్కన కూర్చోండి. ఎగరేయడం మీకు రాకపోయినా ఫరవాలేదు. ఫ్యాను ఆపించడానికీ, చంటిదాన్ని ఎత్తుకోవడానికీ, బ్యాటరీని తాకి చూడటానికీ పైలటు విద్య అక్కరలేదు.

"ఇన్ని షరతులకన్న అసలు కొనకపోతే పోలేదా?" అని మిత్రులు కొందరు అడగవచ్చును. వారి ఇష్టం వారిది. కానీ గాలి బరువైన వస్తువును ఎలా మోస్తుందో, ఎదురు మెలి అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాడికీ, వేళ్ళ కొసల్లో తెలుసుకున్నవాడికీ తేడా ఉంటుంది. నేడు పొలాలకు మందు చల్లే డ్రోనులు మన జిల్లాల్లోకే వచ్చేశాయి. వాటిని నడపబోయే పిల్లలు ఇప్పుడు మన హాళ్ళలోనే ఉన్నారు. యంత్రం ముందు ఎలా నిలబడాలి, ఎప్పుడు ఆపాలి, పక్కవాడిని ఎంత దూరం ఉంచాలి అన్న మర్యాదను నలభై గ్రాముల బొమ్మతో నేర్వనివాడు పాతిక కిలోల యంత్రంతో నేర్చుకోవాలంటే ఆ పాఠానికి కట్టవలసిన రుసుము చాలా ఎక్కువ.

మీ ఇళ్ళలో ఈ తగవును ఎలా తీర్చుకుంటున్నారో, నేను వదిలేసిన జాగ్రత్తలేమైనా ఉన్నాయేమో వ్యాఖ్యలలో తెలియజేయగలరు.