పరీక్షకు భాష కావాలి, శిక్షణకు జిల్లా కావాలి

గడియారం బొమ్మ గీసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించేలా ముళ్లు పెట్టమంటారు. మతిమరుపు జబ్బును పసిగట్టడానికి ప్రపంచమంతా వాడే చిన్న పరీక్ష ఇది. జీవితమంతా పొద్దును చూసి పొలం పని చేసుకున్న, పెన్సిలు పట్టని కోయ రైతు ఆ బొమ్మ గీయలేకపోతే తప్పింది ఆయన మెదడా, పరీక్షా? స్కానింగ్ ఆ సంగతి తేల్చదు. తేల్చాల్సింది న్యూరోసైకాలజిస్టు. ఖమ్మం నుంచి వచ్చే దారి సత్తుపల్లికి, కొత్తగూడేనికి చీలే తల్లాడ చుట్టుపక్కల తెలుగుతో పాటు లంబాడీ వినిపిస్తుంది. భద్రాచలం అడవి వైపు వెళ్లేకొద్దీ కోయ తోడవుతుంది. పక్షవాతం వచ్చి మాట పోయినవారు, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలాక కోపం ఆపుకోలేనివారు, మూర్ఛతో చదువు మందగించిన పిల్లలు ఏ ప్రాంతంలోనైనా ఉంటారు. వాళ్ల జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను, మాటను వాళ్ల భాషలోనే కొలవగలిగే మనిషి మాత్రం ఇక్కడ దొరకడం కష్టం.

ఇది అసాధ్యమైన పనేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో చేసి చూపించారు. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఆ తేడా కనిపించింది. హైదరాబాద్‌లో తెలుగు మనిషికి ఉర్దూ వీధిలోనే అబ్బుతుంది కాబట్టి, చదువు ప్రభావాన్నీ భాష ప్రభావాన్నీ విడదీసి చూడటం అక్కడ కుదిరింది. పాశ్చాత్య దేశాల్లో రెండో భాష తరచూ వలసతోనో చదువుతోనో ముడిపడి ఉంటుంది, అందుకే ఈ ఫలితం అంత పేరు తెచ్చుకుంది. 2016లో పక్షవాత రోగులపై అదే కోవలో మరో అధ్యయనం వచ్చింది. పరీక్షలను మన భాషలకు, చదువురాని వారికి అనువుగా మార్చుకున్నారు కాబట్టే ఇవి సాధ్యమయ్యాయి. తర్వాత ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సంపుటిలోనూ తెలుగు ఉంది. కోయ, లంబాడీ లేవు.

ఇంతకీ ఈ పని నేర్చుకునే దారి ఎలాంటిది? ఇప్పటిదాకా ఉన్న పద్ధతిలో ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల ఎంఏ, ఆపైన ఆసుపత్రిలోనే ఉంటూ రెండేళ్ల ఎంఫిల్: ఏ ఏడూ వృథా కాకపోతే ఏడేళ్లు. ఈ నమూనాకు మూలం బెంగళూరు. నేటి నిమ్హాన్స్‌కు ముందున్న అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థలో 1955లో వైద్య, సామాజిక మనస్తత్వశాస్త్ర డిప్లొమాగా అది మొదలైంది. ఎంఫిల్ అయ్యాక భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు ఎక్కాలి. న్యూరోసైకాలజీకి మన దేశంలో విడిగా లైసెన్సు లేదు. క్లినికల్ సైకాలజిస్టు పెద్ద న్యూరాలజీ విభాగంలో చేరి, కేసు తర్వాత కేసు చూస్తూ అందులో ఆరితేరాల్సిందే. అమెరికాలో డాక్టరేట్ తర్వాత మరో రెండేళ్ల ఫెలోషిప్ ఉండాలని 1997 నాటి హ్యూస్టన్ సమావేశం సూచించింది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా నిర్వచించింది. వారాంతపు కోర్సు చేసి బోర్డు తగిలించుకునేవారి నుంచి రోగిని కాపాడాలంటే ఆ గీత ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 పునరావాస మండలి చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలు చూస్తే నవ్వొస్తుంది.

గీత గీసినవారు అర్హులను తయారుచేసే పనిలో అంత పట్టుదల చూపలేదు. సీట్లు కొద్ది, ఉన్నవి నగరాల్లోనే. ప్రైవేటు సంస్థల్లో ఫీజులు లక్షల్లో ఉంటాయి. ఏన్కూరు నుంచో జూలూరుపాడు నుంచో వచ్చే అమ్మాయికి ఏడేళ్ల చదువు ఒక అడ్డంకి, ఇంటికి దూరంగా ఆ ఏడేళ్లు గడపడానికయ్యే ఖర్చు ఇంకో అడ్డంకి. నగరంలోనే చదివి, అక్కడే ఉద్యోగం చూసుకున్నవాళ్లను ‘ఊరికెందుకు రాలేదు’ అని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు మొత్తం చట్రమే మారుతోంది. ఎంఫిల్ డిగ్రీని రద్దు చేసిన యూజీసీ క్లినికల్ సైకాలజీకి 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. క్లినికల్ సైకాలజీ ఎంఏ, సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) వంటి కోర్సులు ఆ స్థానంలోకి వస్తున్నాయి. ఎలాగూ మళ్లీ కడుతున్నారు కాబట్టి ఎక్కడ కట్టాలన్నదీ ఇప్పుడే తేల్చాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రోగులకు కొదవ లేదు. లేనిది నేర్పే క్లినికల్ సైకాలజిస్టులు. గురువులు లేకుండా కోర్సు తెరిస్తే సర్టిఫికెట్లు తప్ప చేతి పని రాదన్న అభ్యంతరం నిజమే. అందుకే ముందు బోధన పోస్టులు మంజూరు చేసి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలతో, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థతో ఈ కళాశాలలను జతచేయాలి. విద్యార్థి కొన్ని నెలలు అక్కడ, మిగతా కాలం జిల్లాలో గడపవచ్చు.

అవసరం ఎంతో తెలియడానికి లెక్కలూ కావాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. భద్రాచలం అవతలి ఛత్తీస్‌గఢ్ అందులో ఉంది, తెలుగు రాష్ట్రాలు రెండూ లేవు. 2022 నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ పలుకుతోంది. ఆత్మహత్య ఆలోచనతో ఉన్న పిల్లవాడికి ఆ గొంతు ప్రాణం నిలబెట్టవచ్చు. మెదడు పరీక్ష మాత్రం ఫోనులో పూర్తిగా కుదిరేది కాదు. ఎదుట కూర్చుని, చేతి వణుకూ తడబాటూ చూడాలి.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వంద లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని మార్గదర్శకాలిచ్చింది. ఆ లెక్కన గిరిజన గురుకులాలకే చాలామంది కావాలి. కోయ, లంబాడీ వచ్చిన పిల్లలకు ఈ కోర్సుల్లో స్టైపెండుతో కొన్ని సీట్లు కేటాయిస్తే, పరీక్షలను ఆ భాషల్లోకి మార్చే పని వాళ్ల సిద్ధాంత వ్యాసాలతోనే మొదలుపెట్టవచ్చు. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు, గిరిజన సంక్షేమ, వైద్య విద్యా శాఖలు ఒక ఫైలు మీద కలిసి సంతకం చేస్తే చాలు.