అరకులో మకాన్, ఎవరి నామ్ మీద?

పోయిన నెల జుమా నమాజ్ చదివి బయటికొచ్చి ఫోన్ తెరిస్తే మా ఖాందాన్ గ్రూపులో పన్నెండు ఫోటోలు. అరకు లోయలో పాత ఇల్లు, అమ్మకానికి. గోడకి గోడ ఆనుకుని వరసగా ఉన్న పెంకుటిళ్లలో చివరి రెండింటినీ కలిపి ఒకటి చేశారట. ఎర్రమట్టి పూసిన గోడలు, వార్నిష్ కొట్టిన పాత దూలాలు, వెనక గాజు తలుపుల బాత్రూము, అరుగు మీద వెదురు కుర్చీలు, కుర్చీ పక్కన కాఫీ కప్పు. పాతకాలపు అందం, కొత్తకాలపు సౌకర్యం అని దలాల్ రాసుకున్నాడు. ధర చూస్తే వైజాగ్‌లో రెండు గదుల ఫ్లాట్ కంటే తక్కువ. గ్రూపు నిండా మాషా అల్లాహ్‌లే. మా ఖాలా కొడుకైతే ఏకంగా "బయానా ఇచ్చేద్దామనుకుంటున్నా భాయ్, నువ్వు ఒకసారి కాగితాలు చూసి చెప్పు" అన్నాడు.

చూశాను, చెప్పాను. ఖాలా నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇవే ఫోటోలు మీ గ్రూపుల్లోనూ తిరుగుతున్నాయి కనక ఆమెకి చెప్పిందే మీకూ చెబుతున్నా.

ఆ ఇల్లు అమ్మకానికి లేదు. ఉండటానికి వీల్లేదు. అరకు ఐదో షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నియంత్రణ చట్టాన్ని 1970లో సవరించారు. అందరూ 1/70 అనేది దాన్నే. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనుడు అమ్మినా, గిరిజనేతరుడు అమ్మినా, కొనేది గిరిజనుడో గిరిజనుల సహకార సంఘమో అయివుండాలి. కాకపోతే ఆ అమ్మకం చెల్లదు. చెల్లదంటే జుర్మానా కట్టి సర్దుకునేది కాదు, అసలు జరగనట్టే లెక్క. గిరిజనేతరుడి చేతిలో అక్కడ భూమి కనబడితే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే బాధ్యత వాడిదే. దీని మీద కోర్టుకెక్కినవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1988లో అక్కడా ఓడిపోయారు. కొండవాళ్ల నేల కింది షావుకార్ల చేతుల్లోకి పోతోందని తెల్లదొరలకే అర్థమై 1917లోనే ఒక చట్టం తెచ్చారు. అంటే ఈ ఖబ్జా రోగం ఎంత పాతదో చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట. అరకు పక్కనే అనంతగిరి మండలం. అక్కడ బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తే', సర్కారీ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదు అంది. ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. ఒకరు ఒప్పుకోలేదు. ఒప్పుకున్న ఇద్దరిలో ఒకరు జస్టిస్ సగీర్ అహ్మద్ సాబ్. మన పిల్లలకి క్రికెటర్ల పేర్లు నేర్పినంత ఇష్టంగా ఈ పేరు కూడా నేర్పితే బాగుండు.

సర్కారుకే లేని హక్కు మా తమ్ముడికి ఎలా వస్తుంది? దలాల్ దగ్గర జవాబు తయారుగా ఉంది. "కాగితం మీద గిరిజనుడి పేరే ఉంటుంది సార్. మీకు 99 ఏళ్ల లీజు రాసిస్తారు." ఆ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి అన్నీ అందులోనే ఉన్నాయి, వాటి కోసం రాసుకునే ఒప్పందంతో సహా. అంటే ఆ 99 ఏళ్ల కాగితం మొదటి రోజు నుంచే చిత్తు కాగితం. పేరు మాత్రం ఆ ఇంట్లోనే పుట్టి, ఇప్పుడు అదే ఇంటికి వాచ్‌మన్‌గా మారిన ఎవడో అమాయకుడిది.

బేనామీ. బే-నామ్, పేరు లేనిది. దస్తావేజు, తనఖా, ఖబ్జా, దలాలు... భూమి వ్యవహారంలో తెలుగువాళ్లు వాడే మాటల్లో సగం ఫార్సీ, ఉర్దూల నుంచి వచ్చినవే. మన జబాన్ ఇచ్చిన మాటల్లో నాకు సిగ్గనిపించేది ఇదొక్కటే.

ఇప్పుడు మా తమ్ముడి వాదన వినండి, ఎందుకంటే అది కొట్టిపారేసేది కాదు. "భాయ్, ఈ ఊళ్లో అపార్ట్‌మెంటు కొనబోతే నా పేరు వినగానే ఫ్లాటు అప్పటికప్పుడు అమ్ముడైపోతుంది. కిరాయికి అడిగితే ఓనరు కొడుకు అమెరికా నుంచి వచ్చేస్తాడు. అరకులో ఎవడూ నా పేరు అడగలేదు." నాకూ ఆ అనుభవాలున్నాయి. నా బేగమ్, నేను ఒక ఏడాదిలో పదకొండు ఇళ్లు చూసి పన్నెండోది దొరికించుకున్నాం. వాడి గుండెలో మంట నాకు తెలుసు. కానీ అక్కడ నీ పేరు ఎందుకు అడగలేదు తమ్ముడూ? ఆ కాగితం మీద నీ పేరు రానే రాదు కనక. నీ ఇజ్జత్ చూసి కాదు. నీకు ఇక్కడ తలుపు మూసినవాడి మీద కోపం ఉంటే వాడితో పోట్లాడు, నేనూ వస్తాను. అంతేగానీ నీకంటే బలహీనుడి తలుపు విప్పుకుని వెళ్లిపోతే ఎలా?

మరి వక్ఫ్ సంగతి? మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూములు 1,654 ఎకరాలు సర్కారువేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన రోజు ఇదే ఖాలా కొడుకు రాత్రంతా నిద్రపోలేదు. ఎన్ని తరాల అమానత్ అని ఏడ్చాడు. ఆ ఏడుపులో నేనూ ఉన్నాను. నోటిమాట మీద, అనుభవం మీద నిలబడ్డ హక్కుని కాగితం చూపించి లాక్కోవడం ఏమిటో మనకంటే బాగా తెలిసినవాళ్లు ఈ దేశంలో ఒక్క కొండవాళ్లే.

పైగా 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టంలో ఒక సెక్షన్ ఉంది. షెడ్యూలు ప్రాంతాల్లో గిరిజనుల భూమిని వక్ఫ్‌గా ప్రకటించడానికి వీల్లేదట. అది చదివి నాకు ఒళ్లు మండింది. మనం ఎప్పుడో ఆ కొండల మీద కన్నేశామన్నట్టు ఇల్జామ్. మీటింగుల్లో లేచి ఇది తోహమత్ అని అరిచాం. సరే, తోహమతే. మరి ఈ పన్నెండు ఫోటోల కింద మాషా అల్లాహ్ రాసింది ఎవరు?

జానెడు నేల జుల్మ్‌తో తీసుకున్నవాడి మెడకి ఏడు నేలలు చుట్టుకుంటాయన్న హదీస్ మనం మక్తబ్‌లోనే విన్నాం. అందులో ముస్లిం నేల, గైర్ ముస్లిం నేల అన్న తేడా లేదు. ఆ మకాన్‌లో ముసల్లా పరిచి ఫజర్ చదువుకుంటూ కొండ మీద పొద్దు చూస్తే ఎంత సుకూన్ అని ఖాలా అంది. గసబ్ చేసిన నేల మీద ఏం సుకూన్, ఖాలా?

అమ్మేవాడు ఇష్టంతోనే అమ్ముతున్నాడు కదా అంటారు. ఇష్టమో అవసరమో ఆ ఇంట్లో జ్వరం పడ్డవాడిని అడగాలి. చట్టం చెల్లదంటుంది గనకే దలాల్ వాడికి ధర కొస్తాడు, దాన్నే మనకి చవక బేరంగా చూపిస్తాడు. గిరిజనుడికి అప్పు పుట్టదు, భూమికి మంచి ధర రాదు అన్న బాధ అబద్ధం కాదు. దానికి దవా బ్యాంకు అప్పు, ఆసుపత్రి, కాఫీ మిరియాలకి సరైన ధర. నీ బయానా కాదు. 2025 మొదట్లో పర్యాటకం కోసం 1/70ని సవరించాలన్న మాట ఒక పెద్దాయన నోట వచ్చేసరికి ఏజెన్సీ మొత్తం బంద్ అయింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి స్వయంగా చెప్పాల్సి వచ్చింది. ఆ నేల మీద వాళ్ల ఇష్టం ఏమిటో ఇంతకంటే గట్టిగా ఎలా చెప్తారు?

మా నానా గాజుల మూట భుజాన వేసుకుని ఆ కొండల్లో సంత నుంచి సంతకి నడిచేవాడు. దారిలో చీకటి పడితే ఏదో ఒక ఇంటి అరుగు మీదే పడక. తెల్లారితే వాళ్లే అంబలి పోసేవాళ్లు. కిరాయి ఎవరూ అడగలేదని, వర్షం వస్తే లోపలికి పిలిచేవాళ్లని అమ్మీ ఎన్నోసార్లు చెప్పింది. ఫోటోలో వెదురు కుర్చీలు వేసింది అలాంటి అరుగు మీదే.

అరకు వెళ్లొద్దని నేను అనడం లేదు. వెళ్లండి, పిల్లల్ని తీసుకెళ్లండి. గిరిజనులే నడిపే బసల్లో దిగండి, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి, తిరిగి రండి.

తమ్ముడు బయానా ఇవ్వలేదు. నిన్న రాత్రి అవే పన్నెండు ఫోటోలు మా బేగమ్ వాళ్ల గుంటూరు గ్రూపులో కనిపించాయి. ధర ఇంకాస్త తగ్గింది. పెట్టినాయన నాకు వరసకి మామూ అవుతారు, ఇంకా ఫోన్ ఎత్తడం లేదు.