అసెంబ్లీ నడిచే రోజులు

"అసెంబ్లీ మొదలైందట. మా ఎమ్మెల్యే పట్నంల కూసుండె. ఇగ మా ఊరి నీళ్ళ సంగతి ఎవలికి చెప్పుకోవాలె సారూ?" అన్నాడు, నల్లగొండ బస్సులో నా పక్కన కూర్చున్న రైతు.

చెప్పుకోవలసింది ఇప్పుడే! సభలో ప్రశ్నలకని ఒక గంట ఉంది. సభ్యుడు ముందుగా రాసిచ్చిన ప్రశ్నకు నక్షత్రం గుర్తు ఉండి, వంతు వస్తే, మంత్రిగారు లేచి జవాబు చెప్పాలి. దానిమీద ఉపప్రశ్నలూ వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. వాకిట్లో ఇచ్చిన మాట గాలికి పోవచ్చు గాని, సభలో చెప్పిన మాట అచ్చులో మిగులుతుంది.

గోడు వినేవారు లేకపోతే ఏమవుతుందో మన జిల్లాయే చూపింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో, ఫ్లోరైడ్ నీళ్ళ బాధ దేశానికి తెలియాలని నల్లగొండలో ఏకంగా 480 మంది పోటీకి నిలిచారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమై కూర్చుంది!

అంతదాకా పోకముందే ఒక ఉత్తరం రాయవచ్చు. అయితే "మా నీళ్ళు మంచివి కావు" అంటే చాలదు. "పరిశీలిస్తున్నాము" అన్న జవాబుతో సరిపోతుంది. ఏ ఊరు, ఏ బోరు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది, అర్జీ ఏ తేదీన ఇచ్చారు, ఇవన్నీ ఉండాలి. ఫ్లోరైడ్ 1.5 దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు.

రైతు కాసేపు ఆలోచించాడు. "అంటే నోరు ఆయనది, లెక్క మాది అన్నట్టు!" అన్నాడు.

ప్రజాస్వామ్యానికి ఇంతకంటే మంచి నిర్వచనం నేను క్లాసులో ఏనాడూ చెప్పలేదు.