అన్నం పెట్టే మనిషి
సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల గురించి అందరూ నడకే అడుగుతారు. నేను అన్నం సంగతి అడుగుతాను. ఆ పిల్లల్లో చాలామందికి నాలుక, గొంతు కూడా మాట వినవు. పడుకోబెట్టి పెడితే మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చు. మెడకూ నడుముకూ ఆసరా ఇచ్చి నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా కలిపి, చిన్న చెంచాతో పెడుతూ, ముద్ద మింగాకే మరో ముద్ద అందించాలి. పూటకు గంట పట్టినా పట్టొచ్చు. ఇంట్లో ఆ గంట ఎక్కువగా అమ్మదే. బడిలో ఎవరిది? 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువును హక్కు చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలూ ఉన్నాయి. కానీ మధ్యాహ్నం తినిపించే మనిషి లేని బడికి ఏ తల్లి ధైర్యంగా పంపుతుంది? శిక్షణ ఇచ్చి, సరైన జీతమిచ్చి ఆ మనిషిని ప్రభుత్వమే నియమించాలి, ర్యాంపు కట్టినంత తప్పనిసరిగా.