కాటి సీను ఎవరు రాశారు?

సత్యహరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది. కానీ పల్లెల్లో తెల్లవారే దాకా జనాన్ని కదలనివ్వని కాటి సీనులో, హరిశ్చంద్రుడి నోట వినిపించే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువావి. శ్మశానవాటి మీద ఆయన విడిగా రాసుకున్న ఖండికను నటులు తెచ్చి నాటకంలో పెట్టారు. అవి ఎంతగా అతికిపోయాయంటే, చాలామంది ప్రేక్షకులకు ఆ పద్యాలు లేనిదే కాటి సీను కాటి సీనే కాదు. ఇద్దరు కవులూ కూర్చుని మాట్లాడుకుని చేసిన పని కాదది. నటుడి చెవి చేసిన పని.

ఇంటర్నెట్‌లో ఒకే ఫైలు తెరిచి నలుగురు కలిసి నాటిక రాయడం ఇప్పుడు సులువైంది. అలా రాసిందీ నాటకమేనా అని అడిగే పెద్దలకు మా జవాబు కాటి సీనే. నలుగురి చెయ్యి పడటం మన రంగస్థలానికి అలవాటే. మనకు లేనిది, ఏ చెయ్యి ఎవరిదో రాసిపెట్టుకునే అలవాటు.

అది లేకపోతే ఏమవుతుందో చింతామణి చూపించింది. వేశ్యావ్యసనం సంసారాల్ని ఎలా కూలుస్తుందో చెప్పాలని కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకం అది. ఊరూరా ఆడుతున్న కొద్దీ సుబ్బిశెట్టి అనే వైశ్యుడి పాత్రకు ఎవరెవరో మాటలు కలిపారు. ఆ రాత్రికి నవ్వు రాబట్టిన మాట మర్నాటికి నాటకంలో భాగమైంది. తమ వర్గాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఎంతోకాలం మొరపెట్టుకున్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శననే నిషేధించింది. కలిపినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. శిక్ష మాత్రం కాళ్లకూరి రచనకు పడింది.

తెలిసి, ఒప్పుకుని కలిసి రాసినవాళ్లు మనకు వేరే ఉన్నారు. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి ముందు పోయారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు జీవించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన రచనలకు ఇద్దరి పేర్లూ పెడుతూనే వచ్చారు. ఇంత పెద్ద మనసు ఏ చట్టమూ నేర్పలేదు. చట్టం అడిగేది చాలా తక్కువ. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరి వాటాను ఇంకొకరి వాటా నుంచి విడదీయలేని రచనే ఉమ్మడి రచన. అందరికంటే చివర పోయిన రచయిత తర్వాత 60 ఏళ్ల దాకా దాని హక్కు నిలుస్తుంది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ముందడుగు రాశారు, 1947లో మాభూమి రాశారు. ప్రజానాట్యమండలి ఆడిన మాభూమిని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. వాళ్లిద్దరిదీ కృష్ణా జిల్లా, నాటకంలో పోరాడేది తెలంగాణ రైతు. ఈ రోజు అలాంటి నాటకం తలపెట్టే జంట, నల్గొండ పల్లెలో పుట్టి పెరిగిన మనిషిని మూడో రచయితగా అదే ఫైలులోకి పిలవొచ్చు. దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ రైతు నోటికి ఏ మాట వస్తుందో, ఏ మాట రాదో ఆ మనిషి అక్కడికక్కడే దిద్దగలడు. ఇంటర్నెట్ మన నాటకానికి ఇవ్వగలిగిన వాటిలో మాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. పైగా ఎవరు ఏ రోజు ఏ మాట మార్చారో ఆ ఫైలే దాచిపెడుతుంది. ఇన్నాళ్లూ రిహార్సల్ గదిలోనే ఆవిరైపోయిన చరిత్ర అది.

ఇక ఇంటర్నెట్ ఇవ్వలేనిది. వీడియో కాల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒక గొంతు మునిగిపోతుంది. మాట చేరడంలో రెప్పపాటు ఆలస్యం ఉంటుంది కాబట్టి ఒక ఊళ్లో హార్మోనియం, ఇంకో ఊళ్లో పద్యం పొసగవు. అలా కొన్నాళ్లు సాధన చేసిన రచయితలు తమకు తెలియకుండానే వంతులవారీ సంభాషణ రాయడం మొదలుపెడతారు. ఒకరు ముగించాక ఇంకొకరు అందుకుంటారు. మన ఇళ్లలో ఆస్తి తగాదా అలా జరగదు. అన్న మాట పూర్తికాకముందే వదిన అందుకుంటుంది, మధ్యలో పెద్దాయన దగ్గు వినిపిస్తుంది. అందుకే, ఫైలులో ఎంత బాగా కుదిరినా, నాటకాన్ని ఒక్కసారైనా ఒకే గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి గట్టిగా చదివించాలి. రచయితలు కలవలేకపోతే, ఎవరి ఊళ్లో వాళ్లు నలుగురు నటుల్ని పోగుచేసి చదివించి, రికార్డు చేసి పంపుకోవాలి.

లేదంటే తెరనే ఇతివృత్తం చేసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, అమెరికన్ నాటకకర్త రిచర్డ్ నెల్సన్ జూమ్ కోసమే ఒక నాటకం రాశారు. అందులో ఒక కుటుంబం జూమ్‌లో మాట్లాడుకుంటుంది, అంతే. ఆ ఎడమే కథ కాబట్టి ఎడం లోపంగా కనిపించదు. కొడుకు డల్లాస్‌లోనూ తల్లి తెనాలిలోనూ ఉన్న ఇళ్లు మనకు ఎన్ని లేవు? ఆ నాటకం రాయాల్సింది కూడా ఆ రెండు ఊళ్లవాళ్లే.

పరిషత్తు పోటీల కరపత్రంలో మూలకథ, నాటకీకరణ, దర్శకత్వం అని మూడు పేర్లు వేస్తారు. మంచి సంప్రదాయం, అయినా చాలదు. రిహార్సల్‌లో ముగింపునే మార్చేసిన నటికి అందులో చోటు లేదు. వచ్చే సంచికల నుంచి ఉమ్మడి నాటికలకు మా పత్రికలో పుటలు కేటాయిస్తున్నాం. పంపేవాళ్లు స్క్రిప్టుతో పాటు ఎవరెవరు ఏ పని చేశారో ఒక పేజీలో రాసి పంపాలి, దాన్నీ అచ్చు వేస్తాం. అభిప్రాయాలు తెగనప్పుడు చివరి మాట ఎవరిదో రాయడం మొదలుపెట్టక ముందే మీలో మీరు తేల్చుకోండి, ఆ పేరూ రాయండి. మాండలికం సరిచూసిన పొరుగింటి అవ్వ పేరు కూడా.